దూరదర్శనము - దాని చూపరులు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిమీద ప్రయాణము చేసినవారికి మైలురాళ్లు సుపరిచితములు. సూర్యాపేట దాటిన పిదప కోదాడ ఇంకను ఎంత దూరము కలదో అవి చెప్పును. కాని ఆ దారిని ఎవరు బండిమీద పోయిరో, ఎవరు నడచి పోయిరో, ఎవరు నడువలేక చెట్టునీడను కూలబడిరో మైలురాయి చెప్పదు. యంత్రముల చరిత్రను వ్రాయువారును తరచుగా ఇట్టి రాళ్లనే నాటుచుందురు. ఫలాని సంవత్సరమున కనిపెట్టిరి, ఫలాని సంవత్సరమున రంగులు వచ్చెను అని చెప్పి ముందునకు సాగిపోవుదురు. అవియును తెలిసికొనదగినవే. అయినను టెలివిజన్ విషయమున నేనడుగదలచిన ప్రశ్న వేరొకటి. ఒక్కొక్క మైలురాయి దగ్గర ఆ పెట్టెముందు కూర్చున్నవారెవరు? వాకిట నిలిచిపోయినవారెవరు? ఈ ప్రశ్న వేయని దూరదర్శన చరిత్ర సగము చరిత్రయే యని నా యభిప్రాయము.

ఈ యంత్రము పుట్టుకలో సేద్యమునకు కొంత భాగము కలదన్నచో మన ప్రాంతపు పిల్లలు ఆశ్చర్యపడుదురు. 1926 జనవరి 26వ తేదీన లండను నగరమున జాన్ లోగీ బెయిర్డ్ అను స్కాట్లండు దేశీయుడు, రంధ్రములుగల చక్రమును త్రిప్పుచు, మనుష్యుని ముఖమును తెరపైకి పంపి విద్వాంసులకు చూపెను. ఆ బొమ్మ మసకమసకగా నుండెను. ఆ కాలముననే అమెరికాలో ఫైలో ఫార్న్స్‌వర్త్ అను రైతుబిడ్డ ఒకడుండెను. అతడు పదునాలుగేండ్ల ప్రాయమున, మీకంటె ఒకటి రెండేండ్లు మాత్రమే పెద్దవాడుగా నున్నపుడు, దున్నిన పొలములోని చాళ్లను చూచి, బొమ్మనుకూడ ఇట్లే చాలువెంట చాలుగా విడదీసి పంపవచ్చునుగదా యని తలపోసెనని చెప్పుదురు. 1927 సెప్టెంబరు 7వ తేదీన అతడు తిరుగుడు చక్రముల సాయము లేకయే, ఎలక్ట్రానులతో ఒక గీత బొమ్మను తెరపైకి తెచ్చెను.

పాత టెలివిజన్ పెట్టె పనిచేయు విధమునకు ఈ పొలమును మించిన పోలిక నాకు దొరకలేదు. అందలి ఎలక్ట్రాను పుంజము తెరమీద ఈ కొననుండి ఆ కొనకు ఒక చాలు తీయును. వెంటనే మొదటి కొనకు తిరిగివచ్చి, క్రిందుగా మరియొక చాలు పట్టును. మన దేశమున వాడిన పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనునకు 25 బొమ్మలు. ఏ నాగలియు అంత వేగముగా దున్నజాలదు. మన కన్ను ఆ వేగమును పట్టుకొనలేక, గీతల నన్నిటిని కలిపి ఒక్క బొమ్మగా చూచును.

మన దేశమున 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో టెలివిజన్ ప్రసారము ఆరంభమాయెను. తొలినాళ్లలో వారమునకు రెండు దినములు మాత్రమే అది కనబడుచుండెను. పెట్టెలు ధనవంతుల యిండ్లలో గాక, పదిమంది కూడి చూచు స్థలములలో నుంచబడెను. 1961లో ఢిల్లీ పాఠశాలలకు పాఠములును, 1967 జనవరిలో ఆ నగరపు చుట్టుపట్ల రైతులకు 'కృషి దర్శన్' అను కార్యక్రమమును మొదలు పెట్టిరి. దీనినిబట్టి చూడగా టెలివిజన్ మన యింటికి మొట్టమొదట ఉపాధ్యాయుడుగా వచ్చెనేగాని, వినోదము చూపువాడుగా రాలేదు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మరల పని కలదు.

1969 జూలైలో మానవుడు చంద్రునిపై అడుగుపెట్టినపుడు ఇతర దేశములలో కోట్లకొలది జనులు ఆ దృశ్యమును తమ యిండ్లనుండియే చూచిరి. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. సూర్యాపేటలో ఒక దుకాణము ముందు మా నాయన నన్ను భుజములపై నెక్కించుకొని నిలుచుండగా, రేడియోలో ఆ వార్త వింటిని. వినుచు పైకి చూచితిని. నాకు చంద్రుడు కనబడెనుగాని, మనుష్యుడు కనబడలేదు. ఆ రాత్రి నేను నిరాశపడితినని చెప్పుటకు సిగ్గుపడను.

చంద్రునికడకు పోయినవారి విద్యను పల్లెలకు తెచ్చిన కథయే మన దేశపు టెలివిజన్ చరిత్రలో నాకన్నిటికంటె ప్రియమైన ఘట్టము. విక్రమ్ సారాభాయి అను శాస్త్రజ్ఞుడు ఇట్లు వాదించెను: నగరములలో ప్రసార స్తంభములు నాటుచు, అవి మెల్లమెల్లగా పల్లెలకు వ్యాపించువరకు వేచియుండనేల? ఆకాశమునందు ఉపగ్రహమున్నచో దానికి నగరమును పల్లెయు సమానమే. కనుక పల్లెతోనే ఏల మొదలుపెట్టరాదు? ఆయన 1971 డిసెంబరులో పరమపదించెను. ఆ ప్రయోగమును కన్నులార చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1975 ఆగస్టు 1వ తేదీన అది ఆరంభమై సరిగా ఒక సంవత్సరము నడచెను. దానిని 'సైట్' అని పిలిచిరి. అమెరికావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహము భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు బొమ్మలను పంపెను. మన రాష్ట్రమున మెదకు, మహబూబునగరు మొదలగు జిల్లాల పల్లెలకు ఆ యోగము పట్టెను. ఆ పెట్టెలను తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ సంస్థయే. ఉదయము గంటన్నర బడిపిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు కార్యక్రమములు నడచెను. ఆ కాలమును నాలుగు భాషలు పంచుకొనెను, అందు తెలుగొకటి.

మా ఊరి చుట్టుపట్ల పల్లెలకు ఆ పెట్టె రాలేదు. నేను దానిని గూర్చి వినుటయే గాని ఎరుగను. తరువాత కొన్నేండ్లకు హైదరాబాదులో పండిత శిక్షణ పొందుచుండగా, మహబూబునగరు జిల్లావాడొకడు నాకు సహాధ్యాయి యయ్యెను. అతడు చెప్పిన సంగతులు నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లుండును. వారి యూరి బడి ముంగిట కోళ్లగూటికి వాడునట్టి ఇనుపవలతో, పది అడుగుల వెడల్పు గొడుగు నొకదానిని ఆకాశమువైపు నిలిపిరట. బడి వసారాలో పెట్టె నుంచిరట. చీకటి పడగానే ఊరంతయు చాపలు పట్టుకొని వచ్చెడివారట. వరిపైరు తెగులును గూర్చి చూపినపుడు ముసలి రైతొకడు లేచి, "మా నేల యది కాదు, అట్టి నేల మాకు లేదు" అని తెరతో వాదమునకు దిగెనట. తెర బదులు చెప్పలేదు. కాని ప్రక్కనున్నవారు చెప్పిరి. ఆ రాత్రి బొమ్మ ఆగిన పిదపకూడ ఒక గంటసేపు వాదము జరిగెనట. ఆ ముసలివాని మాటయే నిజమని తుదకు తేలినదట!

ఈ చిన్న కథలో నాకు కనబడునది యేమనగా, ఆ పల్లెలో పెట్టెకంటె దానిముందటి చాపలు విలువైనవి. పాఠము తెరమీద మొదలైనదేగాని, చాపలమీద పూర్తియైనది.

1976 జూలై 31వ తేదీతో గడువు తీరెను. ఉపగ్రహము అమెరికావారిది గనుక వారిపనికి వారు దానిని మరలించుకొనిరి. నా మిత్రుని యూరిలో పెట్టె మూగవోయెను. గొడుగు మాత్రము కొన్నాళ్లు నిలిచియుండగా, వాని తల్లి దానిమీద వడియములు ఎండబెట్టెనట. వడియములకు అంతటి గౌరవము మరెన్నడును కలిగియుండదు.

ఆ పల్లెలవారిని పూర్తిగా విడిచిపెట్టరాదను తలంపుతో, ప్రయోగము జరిగిన రాష్ట్రములలో కొన్ని ప్రసార కేంద్రములను నెలకొల్పిరి. 1977లో హైదరాబాదున వెలసిన దూరదర్శన్ కేంద్రము అట్టిదే. మన రాజధానికి టెలివిజన్ పల్లెలవంకతో వచ్చెనన్నమాట. ఈ మాట ఎందరికి తెలియును?

నేలమీది స్తంభమునుండి వెలువడు తరంగములు ఇంచుమించు సూటిగా పోవును. భూమి గుండ్రనిది గనుక కొంత దూరము పోయిన పిదప అవి మన తలలమీదుగా సాగిపోవును. సూర్యాపేట హైదరాబాదునకు సుమారు 135 కిలోమీటర్ల దూరమున నున్నది. అందువలన మా ఊరిలో పెట్టె కొన్నవారు దానితోపాటు ఒక పొడవైన ఇనుప గొట్టమునుకూడ కొనవలసివచ్చెను. మేడమీద ఒకడు ఆంటెనాను త్రిప్పుచు "వచ్చెనా?" అని అడుగుట, క్రిందివాడు "కొంచెము వచ్చెను, మరల పోయెను" అని కేకవేయుట ఆనాటి వీధులలో నిత్యకృత్యము. గాలివాన వచ్చినచో సగము రాష్ట్రపు వార్తలు మాకు దక్కకుండెడివి.

ఆ నడుమ మైలురాళ్లు వడివడిగా గడచెను. 1982లో రంగులు వచ్చెను; ఆ నవంబరులో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలను రంగులలో చూచిరి. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము ఎగిరెను. అది మనది, ఎవరును మరలించుకొని పోలేరు. ఆ యేడు నవంబరు 14వ తేదీన హైదరాబాదు కేంద్రమున శాంతిస్వరూప్‌గారు తొలి తెలుగు వార్తలను చదివిరి. కన్నులయెదుట అక్షరములను చూపు యంత్రములు లేని ఆ దినములలో ఆయన వార్తలను ధారణలో నిలుపుకొని, తొట్రుపాటు లేక చదువుచుండిరి. 2024లో ఆయన దివంగతులైరి. తెలుగు చెప్పుకొని బ్రతికినవాడను గనుక ఇక్కడ ఒక్క క్షణము ఆగుచున్నాను. శ, ష, స లకు భేదము నేర్పుటకు నేను తరగతిలో ఎంత గొంతు చించుకొన్నను రాని ఫలితము, "నిన్న వార్తలలో ఆయన ఎట్లు పలికెనో వింటివా?" అని యడిగినచో వచ్చుచుండెను.

1984 నవంబరు 3వ తేదీన ఇందిరాగాంధీ అంత్యక్రియలను సూర్యాపేటలో ఒక వర్తకుని యింటి ముంగిట చూచితిని. బొమ్మకంటె తెల్లని చుక్కలే యెక్కువ. వీధిలోనివారందరును వచ్చిరి, ఎవరిని ఎవరును పొమ్మనలేదు. దుఃఖసమయము గనుక పొమ్మనలేదేమో. ఏలయన, ఆ తరువాత మూడేండ్లకు కోదాడలో నేను వేరొక తీరును చూచితిని.

1987 జనవరి 25వ తేదీనుండి ఆదివారము ఉదయమున 'రామాయణ్' ధారావాహికము ప్రసారమాయెను. అది 1988 జూలైవరకు నడచెను. అప్పుడు నేను కోదాడలో అద్దెకుండి, దగ్గరి పల్లెలోని ప్రాథమికోన్నత పాఠశాలకు సైకిలుమీద పోయివచ్చుచుంటిని. ఆ సమయమున రహదారిపై లారీలు సైతము టీ దుకాణములకడ ఆగెడివి. భాష హిందీ. మా వీధిలో హిందీ వచ్చినవారు నలుగురైనను లేరు. అయిననేమి? హరికథలు విని కథనెరిగిన ఒక ముసలమ్మ, పాత్రలు నోరు తెరువకముందే వారేమి చెప్పబోవుదురో తెలుగున చెప్పుచుండెను. నా దృష్టిలో అంతకుమించిన అనువాదకురాలు లేదు.

కాని ఆ గదిలో ఎవరెక్కడ నుండిరో కొంచెము గమనింపుడు. ఇంటివారును వారి బంధువులును కుర్చీలమీద. ఇరుగుపొరుగువారు చాపమీద. పనివాండ్రు గడపకడ. గడప దాటుటకు అనుమతిలేనివారు కిటికీ ఊచలను పట్టుకొని వెలుపల. ఒక ఆదివారము ఆ ఊచలవెనుక నా తరగతి పిల్లవాని ముఖము కనబడెను. చూపు కలిసిన వెంటనే వాడు తల దించుకొనెను. నేను చాపమీద కూర్చుండియుంటిని. లేచి వానిని లోనికి పిలువలేదు. ఇల్లు నాది కాదని అప్పుడు నాకు నేను చెప్పుకొంటిని.

ఇల్లు నాది కాదు, నిజమే. బడి మాత్రము నాదేకదా! 1986నాటి జాతీయ విద్యావిధానము తరువాత ప్రభుత్వమువారు అనేక పాఠశాలలకు రంగుల టెలివిజన్ పెట్టెలను ఇచ్చిరి. మా బడికిని ఒకటి వచ్చెను. దానికి కొయ్యతో బీరువా చేయించి, తాళము వేసి, తాళపుచెవిని కార్యాలయపు సొరుగులో భద్రపరచిరి. తనిఖీ అధికారి వచ్చు దినమున బీరువా తెరచి, దుమ్ము దులిపి, పూలు పెట్టి, ఆయన పోగానే మరల మూసెడివారు. "పిల్లలు ముట్టుకొన్నచో చెడిపోవును" అని ఒక కారణము. "చెడినచో జీతములోనుండి కోయుదురు" అని చాటున చెప్పుకొను కారణము మరియొకటి. బొమ్మ చూచుటకై ఆదివారము ఊచలు పట్టుకొనిన పిల్లవాడు, సోమవారము ఆ మూసిన బీరువాకు ఎదురుగా కూర్చుండి నా పాఠము వినుచుండెను. ఆ తాళపుచెవిని ఇండని నేను ఒక్కమారైనను అడుగలేదు. అప్పటికి కొత్త ఉద్యోగము, భయము. ఆ కాలమున ఢిల్లీలోను హైదరాబాదులోను ఎన్ని మైలురాళ్లు నాటిరో లెక్క చెప్పగలను. ఆ పిల్లవానికి మాత్రము టెలివిజన్ ఇంకను రాలేదనియే చెప్పవలెను.

ఆ పిల్లవానికి దానిని తెచ్చి యిచ్చినది ప్రభుత్వము కాదు, నేనును కాను, కేబులు తీగ. ఈ మాట ఒప్పుకొనుట నావంటివానికి కష్టమే. 1991 తరువాత విదేశ వాహినులును, 1995లో జెమిని, ఈటీవీ అను తెలుగు వాహినులును వచ్చెను. మిర్యాలగూడలో రైసు మిల్లుల గోడలవెంట, చింతచెట్ల కొమ్మలమీదుగా, కూలివారి వాడలవరకు నల్లని తీగలు ప్రాకెను. నెలకు కొంత రుసుము చెల్లించినవారికి వర్తకుని యింటిలోని బొమ్మయే కూలివాని యింటిలోను కనబడెను. కిటికీ ఊచల దగ్గర ఎవరును నిలువవలసిన పని లేకపోయెను. చవుకబారు కార్యక్రమములు వచ్చెనని పెద్దలు విసుగుకొనిరి, నేనును విసుగుకొంటిని. అయినను ఒకని గడపకడ తల దించుకొని నిలువవలసిన దుస్థితి తొలగుట చిన్న లాభమా? సాగరు ఎడమకాలువ క్రింది రైతులు తెల్లవారుజామున ఈటీవీలో 'అన్నదాత' చూచి, టీ కొట్టుకడ దానినిగూర్చి తర్కించుట నేనెరుగుదును. అదియు పాఠమే.

నష్టమును చెప్పకుండ విడువరాదు. ఎవరి పెట్టె వారికి వచ్చిన పిదప చాపలు చుట్టబడెను. తెరమీది మాటను కాదనుటకు ప్రక్కన మరియొకడు లేకపోయెను. హిందీని తెలుగున చెప్పు ముసలమ్మకు పని పోయెను. ఇరువదినాలుగు గంటల వార్తావాహినులు వచ్చిన తరువాత వాదములన్నియు తెరలోనివారే చేయుచున్నారు. మనము విని పండుకొనుచున్నాము. మహబూబునగరు ముసలి రైతు ఈనాడుండినచో, ఎవరితో వాదించును?

2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన యేట హైదరాబాదు కేంద్రమునకు దూరదర్శన్ యాదగిరి అను పేరు వచ్చెను. ఆ పేరు మీలో పలువురికి 2020వ సంవత్సరముతోనే ముడిపడి యుండును. కరోనా వ్యాధివలన బడులు మూతపడగా, ఆ సెప్టెంబరు 1వ తేదీనుండి యాదగిరి, టీ-శాట్ వాహినులద్వారా పాఠములు ప్రసారమాయెను. నలుబదియైదేండ్లకు ముందు పల్లెబడి వసారాలో మొదలైన పని మరల వచ్చెను. అప్పుడు నేను మిర్యాలగూడ సమీపమున ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడను. సెల్‌ఫోను ఉండగా ఇంక టెలివిజన్ ఎందుకని యడుగువారు ఆ నెలలలో మా ఊరికి వచ్చి చూడవలసినది. ఇంటికొక్క ఫోను, అది తండ్రితో పొలమునకో, మిల్లునకో పోవును. ఇంట మిగిలినది టెలివిజన్ పెట్టె మాత్రమే. పల్లెపిల్లలలో అనేకులకు ఆ యేడు బడి యనగా ఆ పెట్టెయే.

అయిననేమి, పాఠము మధ్యలో కరెంటు పోయినచో అది మరల వెనుకకు రాదు. తెరమీది ఉపాధ్యాయులు చక్కగనే చెప్పుచుండిరి. కాని వెనుకవరుసలో బిత్తరచూపులు చూచువానిని వారు చూడజాలరు. మేము ఇల్లిల్లు తిరుగుచుండగా ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, "సారూ, ఆ సారు లెక్కను చెరిపివేసెను. ఆగుమంటిని, ఆగలేదు" అని ఫిర్యాదు చేసెను. నాకు నవ్వు వచ్చెను, తరువాత రాలేదు.

మా లెక్కలో టెలివిజన్ లేని పిల్లలు పదునొకండుగురు తేలిరి. పొరుగిండ్లకు పొమ్మని చెప్పుట సులభము. కాని నాకు కోదాడ కిటికీ జ్ఞాపకము వచ్చెను. అందుచే పంచాయతీ కార్యాలయమున పెట్టె పెట్టించి, దూరదూరముగా చాపలు పరపించి, ముక్కులకు గుడ్డలు కట్టించి కూర్చుండబెట్టితిమి. రోజు విడిచి రోజు ఒక ఉపాధ్యాయుడు వారి ప్రక్కన కూర్చుండెను. పాఠము ముగియగానే తెర ఆర్పి, "ఏమి తెలిసెను? ఏమి తెలియలేదు?" అని యడిగెడివాడు. కొన్ని వారములు గడచునప్పటికి వింత యొకటి జరిగెను. ఇంట మంచి పెట్టెలున్న పిల్లలుకూడ తల్లిదండ్రులను ఒప్పించి ఆ చాపలమీదికి రాసాగిరి. "ఇంట్లో అడుగుటకు ఎవరును లేరు" అని వారి సమాధానము. ఇంతమంది చేరరాదని మేము కొందరిని తిప్పి పంపవలసివచ్చెను. బడికి వచ్చు పిల్లలను పొమ్మనుట నా ఉద్యోగములో అదియే మొదటిసారి.

మరుసటి యేడు నేను పదవీ విరమణ చేసితిని. సామానుల పట్టికను వెంటబెట్టుకొని నా తరువాత వచ్చిన ప్రధానోపాధ్యాయునకు ఒక్కొక్క వస్తువు నప్పగించుచుంటిని. టెలివిజన్ వంతు వచ్చెను. ఆయన పట్టికలో చూచి, "బీరువా ఒకటి, తాళము ఒకటి, తాళపుచెవులు రెండు అని వ్రాసియున్నది. తాళమేదీ?" అని యడిగెను. పోయినదని వ్రాసికొమ్మంటిని. దాని వెల నూటయిరువది రూపాయలను నా జేబులోనుండి తీసి బల్లమీద పెట్టి, రసీదు పుచ్చుకొంటిని.